దారం కట్టిన పిందె

బియ్యం కడిగిన నీళ్లను మగ్గుతో ముంచి డ్రమ్ములో పోస్తూ ఎల్లమ్మ సొరతీగను మొదలు నుంచి కొస దాకా కళ్లతో తడిమింది. పొద్దున ఐదున్నర. ఏప్రిల్ ఎండల్లో తోటకు ఇదే వేళ. ఏడు దాటాక పోసిన నీళ్లు మొక్క తాగడానికి కాదు, ఉడకడానికి. నిరుడు రెండు వంకాయ మొక్కలు చచ్చి మరీ ఈ పాఠం చెప్పాయి.

రాంగోపాల్‌పేట్‌లో పాత మూడంతస్తుల ఇల్లు. డాబా మీద ఈ చివరి గది ఎల్లమ్మది, ఆ చివరి గది సామ్యూల్ సారుది, మధ్యలో సిమెంటు నీళ్లట్యాంకు. ట్యాంకు చుట్టూ పదకొండు పెయింటు బకెట్లలో టమాటా, మిర్చి, గోంగూర, పుదీన. సగానికి కోసిన డ్రమ్ములో సొరపాదు. నాలుగు తాళ్ల మీదుగా అది ట్యాంకు పైకెక్కి, ఇల్లంతా తనదే అన్నట్టు పరుచుకుంది. కాయ మాత్రం ఒక్కటీ లేదు.

సొరపువ్వు పొద్దుగూకే వేళ విచ్చుకుంటుంది. ఎల్లమ్మ డ్యూటీ నుంచి వచ్చేసరికి తొమ్మిదవుతుంది, డాబా మీద లైటు లేదు. అందుకే ఏం జరిగినా పొద్దున ఆనవాళ్లే దొరికేవి. నిన్న విచ్చుకోవలసిన మొగ్గల్లో పిందె లేని ఉత్తపూలు రెండు. ఇవాళ ఆ రెండూ లేవు, తుంచిన కాడలున్నాయి. కింద, రేకులు పీకేయగా మిగిలిన పువ్వు నడిమి పుల్ల ఒకటి పడి ఉంది. ఆకు ఎత్తి చూస్తే ఒక పిందె మెడకు ఎర్రదారం.

వారంలో ఇది మూడోది. నిమ్మకాయలు లేవన్న మాటే గానీ చేతబడికి కావలసిన హంగులన్నీ ఉన్నాయి. మొదటి రెండు పిందెలను తుంచినట్టే దీన్నీ ఎడమచేత్తో తుంచి, దారంతో సహా పేపర్లో చుట్టి, చెత్తబండిలో వేయడానికి పక్కన పెట్టింది.

ఎవరి పనో ఆమెకు అనుమానం లేదు. అనుమానమంతా ఎందుకన్నదే. సామ్యూల్ సారు డ్రాయింగ్ మాస్టరుగా రిటైరై పదహారేళ్లు. పెళ్లి లేదు. ఎదురైతే ఊరికే నవ్వుతాడు. ఊరికే నవ్వేవాళ్లను ఎల్లమ్మ నమ్మదు. పది రోజుల కిందట ఆయన "ఎల్లమ్మా, ఆ పూల సంగతి..." అని ఏదో మొదలుపెట్టబోతే, "నా తీగె సంగతి నాకెరుక సార్" అని తలుపు వేసుకుంది.

ఇంటి యజమాని ఓంప్రకాశ్ మాట మాత్రం తలుపు వేసినా వినబడుతూనే ఉంది. "స్లాబ్ నెమ్ము పడుతున్నదమ్మా. కాయ కాసేదైతే పోనీ అనుకుంట. ఉత్త తీగె కోసం నా ఇల్లెందుకు కరాబ్ జేసుకోవాలె? ఆదివారం దాక జూస్త. ఒక్క కాయన్న కనవడకుంటే అన్ని బకెట్లు కిందికి దింపిస్త."

ఇవాళ గురువారం. ఆ బకెట్లు పోతే ఎల్లమ్మ పొద్దున్నే లేవడానికి దుకాణంలో హాజరు వేసే వేలిముద్ర యంత్రం తప్ప ఇంకో కారణం మిగలదు.

జనరల్ బజార్ పక్కన పెద్ద బట్టల దుకాణం. గేటు దగ్గర ఆడవాళ్ల బ్యాగులు తెరిపించి చూడటం ఆమె ఉద్యోగం, పన్నెండేళ్లుగా. "జెర తెరువుండ్రమ్మా" అంటుంది, వేలితో రెండు అరలు పక్కకు తోస్తుంది, "పోండ్రి" అంటుంది. దువ్వెనలు, మాత్రలు, సగం తిన్న బిస్కెట్లు. బ్యాగు చూశాక మొహం చూడటం ఆమె అలవాటు. మొహాలు అబద్ధమాడతాయి, సంచులకు ఆ తెలివి లేదు.

ఈ విద్య ఆమెకు పెళ్లైన ఆర్నెల్లకే వచ్చింది. లారీ డ్రైవరైన మొగుడి సంచిలో ఉతకవలసిన లుంగీ కోసం వెతికితే మూడేళ్ల పిల్లకు సరిపోయే గులాబీ గౌను దొరికింది. పిల్ల ఎవరో అతను చెప్పలేదు, ఎల్లమ్మ రెండోసారి అడగలేదు. లుంగీ ఉతికి ఆరేసి, మరునాడు పుట్టింటి బస్సెక్కింది.

"ఏందక్కా, గట్లున్నవ్? తీగెకు సుత బ్యాగ్ చెకింగ్ జేసినవా?" అంది పక్క గేటు రజిత, అన్నం డబ్బా మూత తీస్తూ.

"దొంగ ఎవడో ఎరుకే. ఇయ్యాల దొరకవట్టుకుంట."

"సొరపూలు దొంగతనం జేస్తె ఏం కేసు పెడ్తరక్కా?"

"నువ్వు పప్పు తిను."

నాలుగు గంటలకు సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి కడుపునొప్పి అంది. అతను తల కూడా ఎత్తకుండా "పో అమ్మా" అన్నాడు. ఇంత తేలిగ్గా ఎందుకు నమ్మాడా అని ఆమె బస్టాప్ దాకా ఆలోచించింది.

ఇంటి గేటు దగ్గర ఓంప్రకాశ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది, చప్పుడు కాకుండా పైకెక్కాలని.

"గట్ల దొంగ లెక్క పోతున్నవేంది?"

"సార్ పైన ఉన్నడా, సేట్?"

"ఏడున్నడు? మూడింటికే పాయె. మేనల్లుడు ఆశీష్ వచ్చి ఆటోల తీస్కపోయిండు, అల్వాల్‌కు. మోకాళ్లు పనిజేస్తలేవాయె, మెట్లెక్కుడు బంద్ అన్నడంట డాక్టరు. ఆడ కిందనే రూమ్. నెల కిందనే చెప్పిండు నాకు. నీకు చెప్పలే?"

"నేనడగలే."

"పోయేముందు గంటసేపు పైననే కూసున్నడు. పిలిస్తె, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటడు. దిగేటప్పుడు జూడాలె ఆయన తక్లీఫ్."

ఎల్లమ్మ చెప్పులు వేసుకునే పైకి వెళ్లింది.

సారు గది తలుపు తెరిచే ఉంది. ఊడ్చి ఉంది. గోడకు క్యాలెండరు మేకు, అంతే. ఆమె అలవాటు కొద్దీ తలుపు వెనక కూడా చూసింది. బయటికి వచ్చి తీగ దగ్గరికి నడిచాక గానీ ట్యాంకు గోడ కంటబడలేదు.

నల్లబడిన సిమెంటు మీద నాలుగు తెల్లటి బొమ్మలు. కూర్చుని వేసినవి, నడుము ఎత్తులో ఉన్నాయి. ఆమె వంగింది, చాలక చతికిలబడింది. మొదటి బొమ్మలో పొడుగు కాడ ఉత్తపువ్వు, రేకులు ఒలిచి. రెండో బొమ్మలో రెండు వేళ్లు ఆ పువ్వు నడుమ పుల్లను పిందెపువ్వు గుండెకు అద్దుతున్నాయి. వేళ్లకు గోళ్లు కూడా వేశాడు. మూడోదాంట్లో ఆ పిందె మెడకు దారం. నాలుగోదాంట్లో అదే దారంతో నిండు సొరకాయ. కింద, బడిపిల్లలకు రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. ఎల్లమ్మ కూడబలుక్కుని చదివింది.

"ఈ డాబా మీదికి తేనెటీగలు రావు. మనమే అద్దాలి. దారం గుర్తు కోసమే. తెంపొద్దు. నాలుగు రోజుల్లో తెలుస్తుంది."

మూడు పిందెలు. ఆమె ఎడమచేతిని తిప్పి చూసుకుంది.

ఎండ పిట్టగోడ దిగేసరికి పూలు ఒకటొకటే విచ్చుకున్నాయి. నెలల తరబడి పెంచుతున్నా ఆమె సొరపువ్వు విచ్చుకోవడం చూడలేదు, నలిగిన గుడ్డపేలికలా వాడినప్పుడే చూసింది. ఇంత తెల్లగా ఉంటాయని తెలియదు. ఉత్తపూలు మూడు, పిందెపువ్వు ఒకటి. బొమ్మ చూసి ఒక రేకు ఒలిచింది, మళ్లీ బొమ్మ చూసింది. పసుపుపొడి వేలికి అంటింది. యూనిఫాం చీర అంచు నుంచి పోగు లాగి పిందె మెడకు ముడి వేసింది, బిగుసుకోకుండా.

ఖాళీ గది చూసుకోవడానికి ఓంప్రకాశ్ ఆయాసపడుతూ పైకి వచ్చాడు.

"సేట్, ఆదివారం గాదు. మంగళారం రా."

"మంగళారం ఏమైతది?"

"కాయ నిలవడ్తది."

"నమ్మాల్నా?"

"నమ్ము."

గేటు దగ్గర ఆమె బ్యాగులు చూసినట్టు అతను ఆమెను పైనుంచి కింద దాకా చూశాడు. "సరే. మంగళారం పొద్దున. మల్ల బుధవారం అనొద్దు" అని మెట్లు దిగాడు.

ట్యాంకు అరుగు మీద, సారు కూర్చున్నచోట, పిడికెడు తెల్లపొడి మధ్య సుద్దముక్క ఒకటి ఉంది, ఒక పక్కకు ఏటవాలుగా అరిగి, ఇంకా రెండు బొమ్మలకు సరిపోయేంత.