సూప్ చేసే విధానం

"ఆ సూప్ ఎలా చేస్తావో ఓ కార్డు మీద రాసిపెట్టు, గురువారం టొపీకా తీసుకెళ్లాలి" అన్నాడు లోవెల్, బూట్లు విప్పుతూ. అతని భార్య డార్లా, అత్తగారి దుప్పట్లు వాషింగ్ మెషీన్‌లో వేస్తోంది. ఎవరికని అడగలేదు. పోయినవారం అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తూ కమిటీ సమావేశమంతా ఫోన్‌లో చూసింది.

లోవెల్ అమెరికాలో కాన్సస్ రాష్ట్ర శాసనసభ్యుడు, సభ రాజధాని టొపీకాలో జరుగుతుంది. పెద్ద జబ్బులవాళ్లకు గంజాయిని మందుగా అనుమతించే బిల్లు అతను అధ్యక్షుడిగా ఉన్న కమిటీ ముందుంది. పోయినవారం మార్నా అనే ఆవిడ వచ్చి, క్యాన్సర్‌తో తన భర్త కడుపులో మంచినీళ్లు కూడా నిలవడం లేదని, బిల్లు పాస్ చేయమని వేడుకుంది. లోవెల్ జాలిగా నవ్వాడు. "మా అమ్మకూ అదే జబ్బమ్మా. మా ఆవిడ చేసే సూప్ గిన్నె ఊడ్చి తింటుంది. గంజాయెందుకు? మీరూ కాస్త ఓపిగ్గా చేసిపెట్టండి. ఎలాగో మా ఆవిడతో రాయించి తెస్తాలే." హాల్లో నవ్వులు. మార్నా కాగితాలు మడుచుకుని కూర్చుంది.

డార్లాకు ఒళ్లు మండిపోయింది. ఓపికట! వాంతి గిన్నెలు కడగడం, ముసలావిణ్ణి లేవదీయడం, మాత్రలు, స్నానాలు, వీటిలో ఒక్కటీ అతని చేతికి అంటలేదు. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అనేవాడు. చలికాలమంతా అత్తగారు వాంతి చేసుకున్నదీ ఈ సూప్‌నే. కోడి మారలేదు, వండే చెయ్యీ మారలేదు. మారిందల్లా ఒక చిన్న గంజాయి నూనె సీసా. బొంతలకు గుడ్డలు కొనే వంకతో నెలకోసారి సరిహద్దు దాటి పక్క రాష్ట్రం కొలరాడో వెళ్లి తెస్తుంది. అక్కడ దుకాణంలో అమ్ముతారు, ఇక్కడికి తెస్తే నేరం.

అత్తగారు లియోటాకు తెలుసు. ఇరవై తొమ్మిదేళ్లు కోడలి వంటకు వంకలు పెట్టిన మనిషి ఇప్పుడు చెంచా ముట్టకముందే "చుక్కలేశావా? లేకపోతే నువ్వే తాగు" అంటుంది.

"నేనెళ్లి కమిటీ ముందు చెప్పేస్తానత్తయ్యా" అంది డార్లా, గిన్నె అందిస్తూ. "చెప్తే ఇక తేలేను. మీకు మళ్లీ వాంతులు మొదలవుతాయి."

లియోటా ముఖంలో భయం తెలిసిపోయింది. చెంచా తిప్పుతూ కూర్చుంది.

"సీసాలో ఎంతుంది?"

"సగం."

"సగం చాలు. ఆ మార్నా వంట మీద నింద వేశాడు వెధవ. నేనూ నీమీద వేసినదాన్నే. వెళ్లు."

"నన్ను జైల్లో పెడితే?"

"వాడే విడిపించుకొస్తాడు. చొక్కా ఇస్త్రీ చేసుకోవడం వాడికెక్కడొచ్చు!"

గురువారం కమిటీ గుమాస్తా పిలిచిన పేరు విని లోవెల్ తలెత్తాడు. మాట్లాడటానికి వచ్చిన వాళ్లెవరైనా సరే, అధ్యక్షుడు అడగాల్సినవి అడగాలి.

"పేరు చెప్పండి" అన్నాడు. "ఎందుకొచ్చారో కూడా." పెళ్లయ్యాక అతను ఆమె పేరు అడగడం అదే మొదలు.

"డార్లా. ఆ సూప్ చేసేదాన్ని నేనే."

కార్డు తీసి మార్నా వైపు తిరిగింది. "రాసుకోండమ్మా. ఒక కోడి, మూడు క్యారెట్లు, రెండు సెలరీ కాడలు, గుప్పెడు నూడుల్స్. మెత్తగా ఉడికించి దించండి. ఇంతవరకూ మీరు చేసేదానికీ నేను చేసేదానికీ తేడా లేదు."

సంచిలోంచి సీసా తీసి భర్త ఎదురుగా బల్లమీద పెట్టింది.

"గిన్నెలో పోశాక ఇందులోంచి నాలుగు చుక్కలు. ఇవి వేయని రోజు మా అత్తగారూ ఒక్క చెంచా తినలేదు."