బూడిద బాట

"ఊడవడం కూడా ఓ పనేటే? సీపురు తనంతట తనే ఊడుత్తాది. నువ్వు పట్టుకుని నిలబడాలంతే."

కనకరత్నం కాపురానికి వచ్చిన మూడో నాడు అచ్చెన్న నవ్వుతూ అన్న మాట అది. తొమ్మిదేళ్లయింది. అన్నవాడు ఆ పూటే మరిచిపోయాడు. విన్న మనిషి మరిచిపోలేదు. రోజూ చీకటితో లేచి చీపురు పట్టుకోగానే ఆ మాట కూడా చేతికి తగిలేది.

రంగూన్‌లో, మనవాళ్ల నోట రంగంలో, పజుండాంగ్ కాలువ ఒడ్డు పొడుగునా బియ్యం మిల్లులే. కోతలై ధాన్యం పడవలు రావడం మొదలైతే అవి రాత్రీ పగలూ ఆడతాయి. ధాన్యం ఆడించగా వచ్చిన ఊకనే బాయిలర్లలో పోసి మండిస్తారు. దాని బూడిద పొగగొట్టాల్లోంచి లేచి తెల్లవార్లూ రాలుతుంది. పొద్దున్న తలుపు తీసేసరికి కప్పు మీదా, తులసికుండీ మీదా, గుమ్మం నుంచి ట్రాము రోడ్డు దాకా పోయే దారి మీదా నల్లటి మెత్తటి పొర. అడుగు వేస్తే వేళ్లు మునుగుతాయి. తొక్కినవాళ్ల కాళ్లతో అది ఇంట్లోకి వస్తుంది, పక్కలెక్కుతుంది, అన్నంలో కరకరలాడుతుంది. ఎవరి వాకిలి వాళ్లే బాగు చేసుకోవాలని, లేకపోతే జుల్మానా అని మునిసిపాలిటీ వాళ్లు దండోరా వేయించి చెప్పారు.

ఆ ఉత్తరువు విన్న ఇంటి యజమానులు తలో దారి చూసుకున్నారు. రెండో ఇంటి గుమాస్తా ఒక మనిషిని కుదుర్చుకున్నాడు. ఆ మనిషి ఎండెక్కాక తీరిగ్గా వచ్చేవాడు, అప్పటికే గాలి ఆ బూడిదను సగం వీధికి పంచిపెట్టేది. చివరింటి కట్టెల అడితి ఆసామి తన వాకిట్లోది పక్క వాకిట్లోకి నెట్టడమే శుభ్రం అనుకునే రకం. మిల్లులో ముప్పైమంది కూలీలకు మేస్త్రీ అయిన అచ్చెన్నకు ఏ చిక్కూ రాలేదు. అతను శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లాన్ని తెచ్చుకున్నాడు.

తెచ్చుకున్న పెళ్లాం వాకిలి ఊడ్చేది, అతని కూలీల్లో పన్నెండుమందికి రెండు పూటలా వండేది, కాలువ నీళ్లు మోసేది, అత్తగారు నరసమ్మ కాళ్లు పట్టేది. నరసమ్మ మాత్రం వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లకి చెప్పేది, "మా వోడు రంగం ఒచ్చి సొంత ఇల్లు కట్టాడు. వాకిలి సూడండి, అద్దంలాగుంటాది. మా వోడికి మట్టి పడదు." కనకరత్నం ఆ మాటలు లోపల పొయ్యి దగ్గర వినేది. వింటూ అనుకునేది, ఈ ఇంట్లో నేను చేసేవి కంటికి కనపడవు, చేయకపోతే మాత్రం కనపడతాయి. కూరలో ఉప్పు ఉన్నంతకాలం ఉప్పు సంగతి ఎవరూ ఎత్తరు. సరే, ఎత్తకపోతే పోనీ. నా పని ఎంత బాగుంటుందో నాకు తెలుసు కదా.

నిజంగానే తెలుసు. ఒక్క ఏడాదిలోనే ఆ బూడిద గుణం ఆమెకు పట్టుబడింది. పొడిగా ఊడిస్తే లేచి మొహాన కొడుతుంది. నీళ్లు ఎక్కువైతే బురదై నేలకు అతుక్కుపోతుంది. రాత్రి గాలి ఆగి పొద్దుటి గాలి ఇంకా లేవని కాసేపట్లోనే పని అయిపోవాలి. వేళ్లతో చిలకరించినట్టు నీళ్లు చల్లి, అది కాస్త బరువెక్కే దాకా ఆగి, ఇంటి వైపు నుంచి రోడ్డు వైపుకి ఒకే వాటున తోసుకుపోవాలి. వంగి వంగి నడుం పడిపోతుంటే, కొబ్బరి ఈనెల చీపురుకి నిలువెత్తు వెదురు కర్ర కట్టుకుంది. నిలబడి ఊడ్చే ఆడదాన్ని చూసి నరసమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "మారాణీలా నిలబడి ఊడుత్తన్నాది సూడు" అంది. కనకరత్నం నడుం ఇంకాస్త నిటారుగా పెట్టి ఊడ్చింది.

ఊడ్చిన బూడిద అడితి ఆసామిలా పక్కవాళ్ల మీదకి తోయలేదు. పెరటి మూల పోగేసి, పైన ధని అనే అక్కడి నీటితాటి ఆకుల కప్పు వేసింది. ఎందుకని అడిగితే అప్పటికి చెప్పలేకపోయేది. చేతికొచ్చిన దాన్ని పారెయ్యడం అలవాటు లేదు, అంతే. ఆ పోగు చూసినప్పుడల్లా నరసమ్మ చెత్త దాచుకునే కోడలని పేరు పెట్టేది.

పక్కింట్లో డా మ్యా అనే బర్మా ఆవిడ ఉండేది. తాంబూలంలోకి సున్నం తయారుచేసి అమ్మేది. కుండల్లో అడుగున మిగిలిన సున్నపు మడ్డి తెచ్చి ఇద్దరి వాకిళ్ల మధ్య పల్లంలో పోసేది. రెండో ఏడు వానల్లో కనకరత్నం ఒక వింత చూసింది. దారంతా మోకాలి లోతు బురదైంది గాని, ఆ పల్లంలో మట్టుకు, బూడిదా సున్నమూ కలిసిన చోట, నేల గట్టిగా ఉంది. కాలితో తన్నింది. కర్రతో పొడిచింది. రాయిలా నిలిచింది. ఆ వానలో తడుస్తూ అక్కడే నిలబడిపోయింది. పొయ్యి మీద అన్నం మాడి, ఆ సాయంత్రం అచ్చెన్న చేత మాటలు పడింది. ఆ మాటలు ఆమె చెవికి ఎక్కనే లేదు.

ఆ తరువాత అంతా ఆమెకు పుట్టింటి విద్యే. నూర్పులకు ముందు కళ్లం ఎలా చెయ్యాలో వాళ్లమ్మ చేతుల్లో చూసింది. మట్టి మెత్తగా చెయ్యడం, పలచగా పొర వేయడం, సగం ఆరాక దిమ్మిసతో అణగ్గొట్టడం, మళ్లీ తడిపి మళ్లీ కొట్టడం. పాటు వచ్చి నీళ్లు తగ్గినప్పుడు కాలువలోకి దిగి జిగురుమట్టి తెచ్చింది. ఏడాది నిలవున్న బూడిదే తీసింది, కొత్త బూడిద నీళ్ల మీద తేలిపోతుంది గనక. డా మ్యా దగ్గర సున్నపు మడ్డి తీసుకుంది, బదులుగా ఆవిడ వాకిలి కూడా తనే ఊడ్చింది. ఒక పొర ఆరితే గాని రెండో పొర వెయ్యలేదు. ఏడాదికి పది బారలు. ఏడేళ్లకు గుమ్మం నుంచి ట్రాము రోడ్డు దాకా జానెడెత్తున బాట లేచింది. వానాకాలం వీధంతా ఇటుకల మీద బల్లలు వేసుకుని కుప్పిగంతులు వేస్తుంటే, ఆ బాట మీద ఆడవాళ్లు నీళ్ల కుండలతో ధీమాగా నడిచేవాళ్లు. గుమాస్తాగారి భార్య కూడా నెలలు నిండాక చుట్టూ తిరిగొచ్చి ఆ బాటే పట్టేది. కనకరత్నం కిటికీలోంచి చూసి, ఎవరికీ వినపడకుండా, "నాదే, నడవండి" అనుకునేది.

వీధిలో అందరికీ ఆమె మేస్త్రీ పెళ్లామే. డా మ్యా ఒక్కతే "మ కనకా" అని పిలిచేది. బర్మా వాళ్లు ఆడవాళ్ల పేరుకి ముందు మర్యాదకి 'మ' పెడతారు. ఆ పిలుపు వింటే కనకరత్నానికి తన పేరు కడిగి చేతికిచ్చినట్టుండేది.

తొమ్మిదో ఏడు ఆషాఢంలో మునిసిపాలిటీ ఓవర్సీరు ఆ వీధికి వచ్చాడు. నాలుగు వీధులు తిరిగి బూట్ల నిండా బురదతో వచ్చినవాడు ఈ బాట ఎక్కి ఆగిపోయాడు. మడమతో కొట్టి చూశాడు. ఇది వేసిందెవరని అడిగాడు. కనకరత్నం గుమ్మంలో చీపురుతో ఉంది. తనకు హిందుస్తానీ అంతగా రాకపోయినా ఆ ప్రశ్న అర్థమైంది. జవాబు మాటలు కూడగట్టుకునే లోపల, అచ్చెన్న తలపాగా సర్దుకుని ముందుకొచ్చాడు. నేనే సాబ్, అన్నాడు. ఓవర్సీరు అతని భుజం తట్టి, ఆసుపత్రికి పోయే పక్క సందులో కూడా ఇలాంటి బాటే వెయ్యమని పని అప్పగించాడు. వెళుతూ వెళుతూ ఆమె చీపురు దాటుకుని పోయాడు.

ఆ పూట అచ్చెన్న ముఖం వెలిగిపోయింది. ఊళ్లోవాళ్లను పిలిచి చెప్పాడు. నరసమ్మ దిష్టి తీసింది. కనకరత్నం పదిహేనుమందికి అదనంగా వండింది. అబద్ధం కదా అని ఒక్క మాట అనలేదు. అనలేక కాదు. ఆ నోటితోనే నిజం ఎలా వస్తుందో చూద్దామనుకుంది. నీదంటున్నావు గదా మావా, సరే, నీదే అయితే ఇంకొకటి వెయ్యి.

వేశాడు. రెండు రోజుల్లో ఇరవైమందిని పెట్టి మిల్లు బూడిద బండ్లతో తోలించి, సందు పొడుగునా మోకాలెత్తున పోయించి, పైన నీళ్లు కొట్టించాడు. చూడటానికి నున్నగానే ఉంది. మూడో నాడు వాన పడింది. బూడిద తేలింది, తేలినది గడపలెక్కింది, మిగిలింది నల్లటి జావ అయింది. ఓవర్సీరు చూడటానికి వచ్చి ఒక బూటు అందులోనే వదిలి వెళ్లాడు. ఈ పక్షం దాటేలోగా నీ వాకిట్లో ఉన్నలాంటిది ఇక్కడ ఉండాలి, లేకపోతే నువ్వు మేస్త్రీవని చెప్పుకోకు అని నలుగురిలో అన్నాడట.

ఆ మధ్యాహ్నం అచ్చెన్న వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. మోకాళ్ల దాకా నలుపు కడుక్కోలేదు. అతన్ని చూస్తే కనకరత్నానికి జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద కోపమూ వచ్చింది. అతను అన్నం కలుపుతూ అడిగాడు.

"ఆ బూడిదలో ఏటేటి కలిపావే? సెప్పు. నానెల్లి ఏయిత్తాను."

కనకరత్నం చారు పోయడం ఆపి గరిట పక్కన పెట్టింది. పాత బూడిద, సున్నం, జిగురుమట్టి, దిమ్మిస దెబ్బ. చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఈ నాలుగు మాటలూ ఇచ్చేస్తే తన తొమ్మిదేళ్లూ అతని తలపాగాలోకి ఎక్కుతాయి. సందులో బాట లేస్తుంది, భుజం మళ్లీ అతనిదే తడతారు, నరసమ్మ మళ్లీ దిష్టి తీస్తుంది, తను మళ్లీ పదిహేనుమందికి వండుతుంది. ఇవ్వకపోతే ఆసుపత్రికి పోయే ఆడవాళ్లు ఆ జావలో పడతారు. బాట పడాలి. అయితే ఎవరి చేత్తో పడాలో ఇప్పుడు తను చెప్పొచ్చు. ఇంత సుఖంగా తన బలం తనకు తెలిసిన పూట ఇంకోటి లేదనిపించింది.

"సెప్పను మావా" అంది నెమ్మదిగా. "నానే ఒచ్చి ఏస్తాను. పాత బూడిద నా పెరట్లో ఉంది, ఈ ఊళ్లో ఇంకెక్కడా నేదు. డా మ్యా సున్నం ఇత్తాది. నీ కూలీలు నా మాట ఇనాల. ఓవర్సీరు ఒచ్చినప్పుడు ఆ బాటా ఈ బాటా ఏసింది నా ఇంటిది, దాని పేరు కనకరత్నం అని నీ నోటితోనే సెప్పాల."

నరసమ్మ అరుగు మీద నుంచే అందుకుంది. "ఆడది రోడ్డెక్కి మొగోళ్ల సేత పని సేయించడమేటి? నలుగురూ సూడరా?"

"తొమ్మిదేళ్లబట్టి నాను రోడ్డు మీదే ఉన్నానత్తా. ఎవులూ సూణ్ణేదు. ఇకనైనా సూడనీ."

ఆ మాట తనే అన్నదా అని కనకరత్నానికే ఆశ్చర్యం వేసింది. అచ్చెన్న కలిపిన ముద్ద కంచంలో వదిలేశాడు. ఓవర్సీరు అన్న మాట గుర్తొచ్చిందో, బూటు గుర్తొచ్చిందో, సరే అన్నట్టు తలాడించాడు. నోటితో సెప్పు మావా, అంది కనకరత్నం. సరే, సెప్తాను అన్నాడు.

మర్నాడు చీకటి విడుతుండగానే ఆమె చీర బిగించి కట్టుకుంది. తల్లి చెప్పిన కొలతలకి తను చెక్కించుకున్న దిమ్మిస భుజాన వేసుకుంది. బయట వాన వెలిసింది. పెరట్లో ధని ఆకుల కప్పు తీసి, నరసమ్మ చెత్త అన్న పోగుని అచ్చెన్న కూలీలు తట్టలకెత్తుతున్నారు. డా మ్యా సున్నపు కుండతో వీధిలో నిలబడి, అందరూ వినేటట్టు మ కనకా అని పిలిచింది.

రాత్రి ఒక మిల్లు ఆడినట్టుంది. వాకిలి మీద తడిసిన బూడిద నల్లగా పరుచుకుని ఉంది. అచ్చెన్న గుమ్మంలో నిలబడి దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. వాకిలి సంగతేంటని అడగబోయి ఆగాడు. కనకరత్నం మూల నుంచి వెదురు కర్ర చీపురు తెచ్చి అతని చేతిలో పెట్టింది. బాట దిగి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"బయపడకు మావా. అది తనంతట తనే ఊడుత్తాది. నువ్వు పట్టుకుని నిలబడాలంతే."