ముందు గుమ్మం

ఓవర్సీరు వేంకటాచలం టెక్కలి నుంచి తెచ్చిన ప్లాను పంచాయతీ ఆఫీసు అరుగు మీద పరిచాడు. సముద్రం గాలికి లేచిపోకుండా మూలల్లో కొబ్బరికాయలు పెట్టారు. ఊరికి రాబోయే ప్రసూతి ఆస్పత్రి ఆ కాగితం మీద నీలం గీతలుగా ఉంది. ముందు వరండా, వరండాకి ఒక పక్క మందుల గది, ఇంకో పక్క పురిటి గది, వాటి వెనక వార్డు. పురిటి గది గుమ్మం సూటిగా రోడ్డు మీదికి.

ఆ గుమ్మం గణపతిరావు అడిగి పెట్టించినది. స్థలం అతనిది. కవిటి రోడ్డు పక్కన కాపు మీదున్న కొబ్బరి తోటలో ఒక ముక్క ఊరికి రాసిస్తానన్నాడు, ఈ ఒక్క షరతు మీద. నొప్పులు పడుతున్న మనిషి బండి దిగీ దిగగానే గదిలో ఉండాలి.

పెద్దలందరూ కాగితం మీదికి వంగి చూశారు. ప్రెసిడెంటు జగన్నాథరావు వంగలేదు. చుట్ట ఆర్పి చెవి సందున పెట్టుకున్నాడు. గణపతిరావు భార్య సుభద్రకి అతను స్వయానా అన్న.

"ఏటి బావా ఇది? ఆస్పత్రి మొగం మీద పురుడేటి?" అన్నాడు.

"మొగం మీదైతే ఏటి?" అన్నాడు గణపతిరావు.

"రేపు పెద్ద పెద్దోళ్లొత్తారు. ఎదురుగా పురిటి కేకలు ఇనిపిత్తావా? జొరానికి మందుకొచ్చినోడు మైల గది పక్క నించి ఎల్లాల. పూజారి గారికి దగ్గొచ్చిందనుకో, ఆయనెటెల్తారు?"

"దగ్గుకి మిరియాల కషాయం తాగమను."

ఒకరిద్దరు నవ్వారు. జగన్నాథరావు ఓవర్సీరు వైపు తిరిగాడు. "పురిటి గది ఎనక్కి తిప్పెయ్యండి బాబూ. గుమ్మం ఎనక నించి. ఏ ఇంట్లోనైనా అలగే గదా ఉంటాది."

"తిప్పొచ్చండి. రెండు గోడలు అటూ ఇటూ అవుతాయి, అంతే," అన్నాడు వేంకటాచలం. అతనికి బస్సు వేళయింది. "ముందు మీరూ మీరూ ఒక మాట మీదికి రండి."

"ఎనకంతా మొగలి డొంక, డొంకవతల పారే గెడ్డ," అన్నాడు గణపతిరావు. "వానాకాలం మేక కూడా అటు దిగదు. మంచం మోసుకొచ్చినోళ్లు ఎటు తిరగాల?"

"డొంక కొట్టిత్తాం."

"డొంక కొట్టిన సంగతి నాకు సెప్పకు బావా."

ఆ సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

సుభద్ర ప్రసవించింది పెరట్లో వేసిన పాకలో. పిల్ల పుట్టింది, నెత్తురు ఆగలేదు. సోంపేట ఆస్పత్రికి తీసుకుపోదామని వీధిలో బండి కట్టారు. పెరట్లోంచి వీధిలోకి దారి నట్టింట్లోంచే. నడవలో దేవుడి మూల. గణపతిరావు తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి, పురిటి మనిషిని దేవుడి ముందునుంచి తేవడానికి వీల్లేదంది. మంచం మోసేవాళ్లు కొడుకు మాట వినలేదు, ఆవిడ మాట విన్నారు. సరే, పెరటి కంచె కొట్టి దారి చేద్దామన్నారు. మొగలి కంచె. అది ఊరికే తెగదు, ఆకు ఆకుకీ ముళ్లు. కత్తులు పట్టినవాళ్ల చేతులు చీరుకుపోయాయి. మంచం బండి దగ్గరికి చేరేసరికి నులక ఎర్రబడి కింద ఇసుకలోకి కారుతోంది. పొలిమేర దాటకుండానే బండి వెనక్కి తిప్పారు. శవాన్ని మాత్రం ముందు గుమ్మం ఎదురుగానే దింపారు. దానికెవరూ అడ్డం చెప్పలేదు.

తరువాత తల్లి పోయినప్పుడు గణపతిరావు తలకొరివి పెట్టాడు గాని కంట తడి పెట్టలేదు. మళ్లీ పెళ్లి మాటెత్తినవాళ్లని గడప తొక్కనివ్వలేదు. పిల్లని, కామేశ్వరిని, జగన్నాథరావు భార్య అప్పలనరసమ్మ పెంచి పెద్ద చేసింది. ఆ మాట బావ ఎప్పుడూ నోటితో అనడు. అనకుండానే గుర్తు చేస్తూ ఉంటాడు.

"గుమ్మం ఎనక్కెల్తే నేల రాదు," అని గణపతిరావు అరుగు దిగిపోయాడు.

అది అరవై ఏడు ఎన్నికలు అయిన ఏడాది. స్థలం తేలకపోతే ఆస్పత్రి డొంకూరు వైపు పోతుందని సమితి ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఊరంతా అతని మీద పడింది. నూతి దగ్గర ఆడవాళ్లు అతను వినేలాగే అనుకున్నారు: "పెళ్లాం పోయిందని ఊళ్లో ఆడోళ్లందరి మీదా కచ్చ కట్టేడమ్మా." గణపతిరావు నీళ్లు తోడుకుని పోయాడు. వాళ్ల కోసమే పట్టు పట్టానని వాళ్లకి చెప్పుకునే మనిషి కాదతను.

కామేశ్వరి నందిగాంలో అత్తవారింటి నుంచి వచ్చింది. తండ్రికి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నానా, గుమ్మం ఎటుంటే ఏటి? లోపల నర్సమ్మ ఉంటే సాలదా?"

"మీ అమ్మకి బండి ఉన్నాది. వీధిలోనే ఉన్నాది. సాల్లేదు."

కామేశ్వరి మజ్జిగ పోసింది.

ఆ వారంలోనే జగన్నాథరావు తోటకి వచ్చాడు. "నీ గుమ్మం నీకుంటాది బావా. రోడ్డేపే ఉంటాది. సుభద్ర మీదొట్టు."

"సచ్చిపోయినోళ్ల మీద ఒట్టెందుకు? దానికింకేటైపోద్ది? నీ మీదెయ్యి."

"నా రెండు కళ్ల మీదొట్టు. సాలా?"

గణపతిరావు సోంపేట వెళ్లి సంతకం పెట్టాడు. కాపు మీదున్న చెట్లు తన చేత్తోనే కొట్టాడు. ద్వారబంధానికి తన పెరటి పనస చెట్టే ఇచ్చాడు, మంచం అడ్డంగా వచ్చినా పట్టేంత వెడల్పు పెట్టించాడు. పునాది తీసిన రోజు నుంచి గోడలు లేచేదాకా పొద్దున్నే వచ్చి ఆ గుమ్మం ముందు నిలబడేవాడు. రోడ్డు మీద పోయేవాళ్లు, గణపతిరావు పెళ్లి చూపులకొచ్చాడని హాస్యమాడేవారు. అతనికి కోపం రాలేదు. కోపం రాకపోవడం అతనికే కొత్తగా ఉండేది.

వార్డు వెనక గోడకి ఇంకో గుమ్మం తెరిచారు. అదెందుకని మేస్త్రీని అడిగితే, ఊడ్చే మనిషి రావడానికన్నాడు. గణపతిరావు నమ్మాడు.

ప్రారంభోత్సవం నాడు రెండు గుమ్మాలకీ మామిడాకులు కట్టారు. సమితి పెద్దలు వచ్చి మాట్లాడి పోయారు. జనం పల్చబడ్డాక గణపతిరావు పురిటి గది తలుపు తోశాడు. కదల్లేదు. వరండాలోంచి లోపలికి తిరిగి వెళ్లి చూశాడు. తలుపుకి గడియ వేసి, దానికి ఆనించి ఇనుప బీరువా నిలబెట్టారు. బీరువా నిండా సీసాలు.

"ఇక్కడెందుకు పెట్టేవమ్మా దీన్ని?"

నర్సు రమాదేవి ఇచ్ఛాపురం నుంచి కొత్తగా వచ్చింది. "మరెక్కడ పెట్టమంటారు బాబూ? మందుల గదిలో ప్రెసిడెంటు గారు బల్లా కుర్చీలూ వేయించుకున్నారు కదా."

జగన్నాథరావు ఆ కుర్చీల్లో ఒకదాన్ని వరండాలోకి లాగించుకుని కూర్చున్నాడు. బావ రావడం చూసి తనే అందుకున్నాడు.

"గుమ్మం ఉన్నాదా నేదా?"

"ఉన్నాది."

"రోడ్డేపే ఉన్నాదా?"

"ఉన్నాది."

"మరి నాను మాట తప్పినానా?"

గణపతిరావు అతని కళ్లలోకి చూశాడు. రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఆ రోజు నుంచి బావతో మాట మానేశాడు.

ఆ తలుపు తీయమని ఎవరో ఒకరు అడగకపోతారా అనుకున్నాడు. ఎవరూ అడగలేదు. నొప్పులొచ్చిన ఆడవాళ్లు ముసుగు వేసుకుని, కొత్తగా కొట్టిన డొంక దారినే తిరిగి వెనక నుంచి వెళ్లేవారు. ఒకసారి ఆగలేక ఒక అత్తగారితో అన్నాడు, ముందు తలుపు తీయించమని అడగండి, అది మీ కోసమేనని. ఆవిడ విస్తుపోయి చూసింది. "రోడ్డు మీద బస్సాగుతాది బాబూ. కోడల్ని పదిమందిలో ఊరేగించమంటారేటి?"

మరుసటి ఏడు కామేశ్వరి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. పుట్టింట్లో ఆడదిక్కు లేదు గనక అప్పలనరసమ్మ వచ్చి దగ్గరుంది. భాద్రపదం వానలకి గెడ్డ పొంగి ఆస్పత్రి వెనక దారి బురదయింది. ఆ బురద గణపతిరావు రోజూ చూసి వస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మంచం కట్టిస్తూండగానే గణపతిరావు వానలో ముందు పరిగెత్తాడు. నర్సు వద్దంటున్నా వినకుండా బీరువాకి భుజం ఆనించి తోశాడు. సీసాలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి, ఒకటి పడి పగిలింది. చెమ్మకి బిగిసిపోయిన గడియని రాయితో కొట్టి ఊడదీశాడు. తలుపు బార్లా తెరిచి గడప మీద నిలబడ్డాడు.

రోడ్డు మీద మంచం వస్తోంది. పక్కనే తాటాకు గొడుగు పట్టుకుని అప్పలనరసమ్మ. వరండాలో జగన్నాథరావు, వాన తగ్గేదాకా అక్కడ చేరిన నలుగురూ ఉన్నారు.

"ఇటు తెండి," అన్నాడు గణపతిరావు.

మోసేవాళ్లు ఆగారు. అప్పలనరసమ్మ వైపు చూశారు. అప్పలనరసమ్మ కామేశ్వరి వైపు చూసింది.

"అమ్మా, తలుపు తీసే ఉన్నాది," అన్నాడు గణపతిరావు.

కామేశ్వరి నోట్లో కుక్కుకున్న చెంగు తీసింది. "ఇటొద్దు నానా. మావ కూకున్నాడు. అందరూ సూత్తన్నారు."

"సూత్తే సూడనీ."

"సిగ్గు నానా. ఎనక్కే తీసుకెల్లండి."

మంచం తిరిగింది. గోడ పక్క నుంచి వెళ్లిపోయింది. గణపతిరావుకి బురదలో అడుగుల చప్పుడు వినబడింది. ఎవరికో కాలు జారింది. కామేశ్వరి కేక, వెంటనే మోసేవాళ్ల మీద అప్పలనరసమ్మ తిట్లు. తరువాత వెనక తలుపు చప్పుడైంది. నర్సు లోపలి నుంచి వచ్చి అతని మొహం మీదే తలుపు రెక్కలు దగ్గరికి వేసింది.

అతను గడప మీద వానలోనే కూర్చున్నాడు. వరండాలోకి రమ్మని ఎవరో పిలిచారు. వెళ్లలేదు.

పొద్దు వాలకముందే లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తల్లీ పిల్లాడూ క్షేమం. జగన్నాథరావు వరండా చివరిదాకా వచ్చి, మాటలు లేని సంగతి పక్కన పెట్టి అన్నాడు: "సూసినావా బావా. ఎనక నించెల్తే ఏటైనాది? మనవడు పుట్టేడు."

ఏమీ కాలేదు. ఏమన్నా అయి ఉంటే ఊరంతా తన మాట ఒప్పుకునేది. ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో గాని వచ్చింది, కూతురు గోడ అవతలే ఉండగా వచ్చింది. గణపతిరావు బురదలోకి ఉమ్మేశాడు. ఇన్నాళ్లూ తల్లినీ, బావనీ, మంచం మోసినవాళ్లనీ క్షమించలేదు. ఇప్పుడు ఆ వరసలో తనూ చేరాడు.

రమాదేవి తలుపు తెరిచింది. "అమ్మాయిని వార్డులోకి మార్చేం బాబూ. ఈ తలుపు గాలికి ఊరికే కొట్టుకుంటోంది, జల్లంతా వార్డులోకే పోతోంది. పసిబిడ్డకి మంచిది కాదు. కాస్త ఈ బీరువా దాని చోట పెట్టెయ్యరా? నా వల్ల కాదు."

గణపతిరావు లేచి లోపలికి వచ్చాడు. తలుపు వేశాడు. గడియ సరిగ్గా పడలేదు. రెండుసార్లు కొట్టి దిగ్గొట్టాడు. బీరువాకి భుజం ఆనించి, సీసాలు పడకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టి, గుమ్మం పూర్తిగా మూసుకునేదాకా తోశాడు.