కరెంటు పోయిందిలే

మా ఆయన నరసింహులు దినాలు అయిన మర్నాడే బోరు మోటరు మొరాయించింది. స్విచ్చు వేస్తే గుయ్‌మని మూలుగుతుందే తప్ప తిరగదు.

ఆయన చావుకు వచ్చినవాళ్లంతా తలరాత, తలరాత అని జపం చేసి పోయారు. తలరాతా కాదు, పాడూ కాదు. కండెన్సర్. మా పెనుకొండ పల్లెల్లో మూడు ఫేజుల కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. అందుకే రెండు ఫేజుల మీదే మోటరు తిరిగేట్టు స్టార్టరు పెట్టెలో కండెన్సర్ బిగించుకుంటారు. కరెంటు పోయినా అందులో కొంత నిలిచి ఉంటుంది. ముట్టుకునే ముందు దాని రెండు కొనలకూ స్క్రూడ్రైవరు ఆనించి దాన్ని దించెయ్యాలి. నాకు నేర్పింది ఆయనే. పెట్టె తెరిచినప్పుడల్లా ఆయనకు గుర్తు చేసేది నేను. ఆ రోజు నీళ్లు కడుతూ తడికాళ్లతో వచ్చి, "కరెంటు పోయిందిలే" అని చెయ్యి పెట్టాడు.

నాకు ఏడుపు రాలేదు. అందరూ ఏడుస్తుంటే గోడ చూస్తూ కూచున్నాను.

ఇంట్లో పట్టుపురుగులు ఆఖరి పొర విడిచి పెద్దమేతకు వచ్చాయి. ఇప్పుడు ఆకు చాలకపోతే గూడు కట్టకుండానే చస్తాయి. చావిల్లని అవి మేత మానుకోవు కదా. మల్బరీ తోటేమో వాడిపోతోంది.

మెకానిక్కు రంగప్పను పిలిపిస్తే గట్టు మీదే నిలబడిపోయాడు.

"ఆ పెట్టె మనిషిని తినిందమ్మా. నేను ముట్టను."

మోటరు మూలుగుతోందంటే కండెన్సర్ నీరసించిందని నాకు తెలుసు. మరిది మల్లప్పను హిందూపురం పంపి కొత్త కండెన్సర్ తెప్పించాను. ఫ్యూజులు పీకి, పాతదాని కొనలకు స్క్రూడ్రైవరు ఆనించాను. టప్‌మంది. అంతే చప్పుడు. ఆ మాత్రానికి ఆయనకు తీరిక లేకపోయింది. వైర్లు విప్పి కొత్తది బిగించాను. ఆ చేతులు నావి లాగే లేవు.

ఫ్యూజులు పెట్టి స్విచ్చు వేస్తే మోటరు తిరిగింది. నీళ్లు కాలువలో పడి తోట సగం దాకా పారాయి. అంతలో కరెంటు పోయింది.

మల్లప్ప పెట్టెలోకి తొంగి చూశాడు. "ఈ వైరు వదులుగా ఉండాది వదినా" అంటూ వేలు పెట్టబోయాడు.

"ముట్టొద్దు!"

"కరెంటు పోయిందిలే వదినా."

లాగి చెంప మీద కొట్టాను.

"పోయింది, పోయింది అంటావే, నువ్వు పోతే మాకు యాడుండాది దిక్కు? ఎన్నిసార్లు చెప్పినా నీకు? స్క్రూడ్రైవరు తీసుకో, స్క్రూడ్రైవరు తీసుకో అని మొత్తుకుంటే ఒక్క దినమన్నా విన్నావా?"

మల్లప్ప చెంప పట్టుకుని బిత్తరపోయి చూశాడు.

"నాకెప్పుడు చెప్పినావు వదినా?"

నిజమే. మల్లప్పకు ఎప్పుడూ చెప్పలేదు. స్క్రూడ్రైవరు అతని చేతికిచ్చి, ఎక్కడ ఆనించాలో చూపించాను. టప్‌మంది.

అప్పుడొచ్చింది ఏడుపు.