‘కదా’ లేని ప్రశ్న

మా వార్డు నుంచి ఇంటికి వెళ్ళే పేషెంటు “వెళ్ళొస్తాను” అనకూడదు. అన్నాడంటే పెద్దక్క ఊరుకోదు. “మళ్ళీ రావడమేంటి నాయనా? ఇదేమైనా మీ మేనమామ ఇల్లా? వెళ్తాను అను” అంటుంది. పెద్దక్క మా మానసిక వైద్య వార్డుకి హెడ్ నర్సు. ఆవిడ నోటికి డాక్టర్లే జడుస్తారు, ఇక పేషెంట్లెంత! అయినా ఆ మాట అనడానికి వాళ్ళకి నోరు రాదు. పక్కింటికి అగ్గిపెట్టె కోసం వెళ్తూ కూడా “వెళ్ళొస్తా” అనే మనుషులం మనం. ఒట్టి “వెళ్తాను” అంటే పెద్దవాళ్ళు ‘అదేం మాట’ అని కసురుతారు. అందుకని మొహమాటపడి, నాలుక కరుచుకుని, నవ్వి, చివరికి “వెళ్తాను సిస్టర్!” అనేస్తారు. మేమందరం చప్పట్లు కొడతాం.

ఆ చప్పట్ల సందట్లోనే ఒక మనిషి ప్రాణం మా చేతుల్లోంచి జారిపోబోయింది.

ఆయన తాళాల మేస్త్రీ. బజార్లో చిన్న బడ్డీ. యాభై దాటాక చేతులు వణకడం మొదలైంది. అరగదీసిన తాళంచెవి ఒక్కటీ తాళంలో పట్టకపోయేసరికి వచ్చినవాళ్ళు పక్క బడ్డీకి పోవడం మొదలుపెట్టారు. బడ్డీ మూసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు ‘నేను ఇంటికి బరువైపోయాను’ అన్న ఒక్క మాట పట్టుకుని వేలాడాడు. ఒకరోజు ప్రాణం తీసుకోబోతే, సమయానికి భార్య చూసి ఆపి మా దగ్గరికి తీసుకొచ్చింది.

వచ్చిన కొత్తలో గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. దుప్పట్లు పెట్టుకునే గది తాళం ఒకరోజు బిగుసుకుపోయింది. పెద్దక్క తన బలమంతా పెట్టి గుంజుతోంది. అప్పుడు మంచం మీంచి గొంతు వినిపించింది: “తల్లీ, దాన్నలా గుంజకు. దానికి కోపమొస్తుంది.” మా వార్డులో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. పెద్దక్క తాళం వదిలేసి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. “మరి ఎలా బతిమాలమంటావో చెప్పు” అంది. ఆ రోజు నుంచీ తాళాలేసిన వార్డులో తాళాల మేస్త్రీ మా అందరికీ ముద్దయిపోయాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను ఆపరేషన్ వార్డు నుంచి ఇక్కడికి బదిలీ అయి వచ్చాను. అక్కడ కట్టు మారిస్తే, కుట్లు విప్పితే పని చేసినట్టు కంటికి కనబడుతుంది. ఇక్కడ గాయం ఎక్కడుందో ఆ మనిషికే తెలీదు. గంటసేపు ఒకరి పక్కన కూర్చుని, ఆయన ఏమీ మాట్లాడకపోతే అదీ పనే అంటారు! నాకసలే ఓపిక తక్కువ. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేని మనిషిని. మా అత్తగారైతే నా ఉద్యోగం గురించి ఎవరడిగినా “పెద్దాసుపత్రిలో” అని, వార్డు పేరు మాత్రం మింగేస్తారు.

పెద్దక్క నన్ను మొదట పట్టుకున్నది ఒక ప్రశ్న దగ్గర. ప్రాణం తీసుకోబోయి వచ్చినవాళ్ళని రోజూ పొద్దున్నే అడగాలి, ఆ ఆలోచన ఇంకా ఉందా అని. మేమందరం ఒకేలా అడిగేవాళ్ళం: “అలాంటి ఆలోచనలేం లేవు కదా?”

ఒకరోజు పెద్దక్క నన్ను పక్కకి లాగింది. “ఏమ్మాయ్, ప్రశ్నలోనే జవాబు పెట్టి ఇస్తున్నావేంటి? లేవు కదా అంటే ఏ పెద్దమనిషైనా లేవమ్మా అనే అంటాడు. నీ మాట తీసెయ్యడం మర్యాద కాదుగా! ఆ కదా తీసెయ్. అలాంటి ఇలాంటి అనకు. చచ్చిపోవాలనిపిస్తోందా అని తిన్నగా అడుగు.”

“అమ్మో! అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా అక్కా?”

“కాదు. అడిగినందుకు ఎవరూ చచ్చిపోరు. అడిగేవాళ్ళు లేకే నలిగిపోతారు.”

ఆ మధ్యాహ్నం టీ తాగే చోట మా నర్సులందర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరినొకరు అడగమంది. అబ్బ, ఆ అవస్థ చెప్పలేను! ఇంజెక్షను సూది గుచ్చడానికి వెనకాడని చేతులకి చెమటలు పట్టాయి. నా ఎదురుగా కూర్చున్నావిడ “చచ్చి...” దాకా వచ్చి, నా మొహం చూసి పకపకా నవ్వేసింది. ఆ నవ్వు అంటుకుని టీ కప్పులు తొణికాయి. పెద్దక్క మాత్రం నవ్వలేదు. “నవ్వండి, బాగా నవ్వండి. ఇక్కడ నవ్వేస్తే అక్కడ నోరు తిరుగుతుంది” అంది.

పట్టుదలకి పోయి ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేశాను. “మీకు చచ్చిపోవాలనిపిస్తోందా?” గొంతులో జాలి ఎక్కువైంది. మళ్ళీ అడిగాను. ఈసారి పోలీసులా ఉంది. మూడోసారి బాగా కుదిరింది. వెనక్కి తిరిగితే మా అత్తగారు కాఫీ గ్లాసుతో గుమ్మంలో కొయ్యబారిపోయి ఉన్నారు.

“నన్నేనా అమ్మా అడుగుతున్నావు?” అన్నారు. “నాకిప్పుడే ఏం తొందర లేదు. మోకాళ్ళు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి.”

ఆవిడ కాళ్ళావేళ్ళా పడి ఉన్న సంగతి చెప్పాను. అంతా విని, “అలా అడుగుతారా మీరు? మంచిదే” అన్నారు. ఆ మాట కోసం ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నానో, విన్నాక గానీ నాకే తెలియలేదు.

ఇంత సాధన చేశానా! మేస్త్రీ ఇంటికి వెళ్ళే రోజు పొద్దున నా నాలుక పాత దారే పట్టింది. ఆయన గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వారం రోజులుగా హాయిగా నిద్రపోతున్నాడు. అడిగి మరీ అన్నం పెట్టించుకుంటున్నాడు. తన కొత్త తువ్వాలు పక్క మంచం ఆయనకి ఇచ్చేశాడు. ఎంత మంచి మనసో అనుకున్నాం.

“అలాంటి ఆలోచనలేం లేవు కదా మేస్త్రీ?”

“లేవమ్మా.”

అంతే. అయిపోయింది. డాక్టరు చూశాడు, మాట్లాడాడు, సంతకం పెట్టాడు. పదకొండింటికల్లా భార్య వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉంటుందావిడ. వస్తూనే ఏదో హాస్యమాడి అందర్నీ నవ్వించింది. ఆయన బట్టలు మడతపెట్టి సంచిలో సర్దింది. మేస్త్రీ మంచం మంచానికీ వెళ్ళి చేతులు పట్టుకుని “వెళ్తాను” అన్నాడు. కొత్తవాళ్ళలా తడబడలేదు, నాలుక కరుచుకోలేదు. చప్పట్లే చప్పట్లు. నేనూ కొట్టాను.

అప్పుడు భార్య సెల్లు మోగింది. ఇంటి నుంచి కూతురు. ఆవిడ ఫోను ఆయన చేతికిచ్చి, మందులు తీసుకోవడానికి కిందికి వెళ్ళింది. ఆయన నా టేబుల్ పక్కనే నిలబడి మాట్లాడాడు.

“ఆ, తల్లీ... తిన్నావా?... మంచిది. బాగా చదువుకో. అమ్మ మాట విను... సరే మరి, వెళ్తాను.”

ఫోను జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టాడు.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. కూతురు ఇంట్లో ఉంది. ఈయన వెళ్తున్నది ఆ ఇంటికే. తన కోసం గుమ్మంలో కాచుకుని ఉన్న పిల్లతో ఏ తండ్రయినా “వస్తున్నా” అంటాడు. “బయల్దేరుతున్నా” అంటాడు. వెళ్తాను అంటాడా? ఆ పిల్ల దగ్గర్నుంచి ఎక్కడికి వెళ్తాడు?

వెంటనే నా మీద నాకే అనుమానం వచ్చింది. ఇందాకట్నుంచీ అందరితో అన్న మాటే నోట్లో తిరిగి పొరపాటున వచ్చేసిందేమో! సంతకమైపోయిన మనిషిని, నవ్వుకుంటూ ఇంటికి పోతున్న మనిషిని, ఒక్క మాట పట్టుకుని ఆపాలా? లోపలికి పరుగెత్తి పెద్దక్కకి చెప్పాను. ఆవిడ చేతిలో పని వదిలేసి లేచింది.

“నువ్వొచ్చి అడుగక్కా.”

“విన్నది నువ్వు. నువ్వే అడుగు. నేను తలుపు బయటే ఉంటా” అంది.

పేషెంట్లతో విడిగా మాట్లాడే గదిలోకి ఆయన్ని తీసుకెళ్ళాను. రెండు కుర్చీలు, మూలలు గుండ్రంగా చెక్కిన బల్ల, జాలీ కొట్టిన కిటికీ. బీపీ చూడాలని అబద్ధం చెబుదామా అనిపించింది కానీ చెప్పలేదు.

“మేస్త్రీ, మీకు చచ్చిపోవాలని ఉందా?”

అద్దం ముందు కుదిరినంత బాగా కుదరలేదు. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. నవ్వడం ఆపి కిటికీ వైపు చూశాడు. కారిడార్లో ట్రాలీ చప్పుడు దగ్గరికొచ్చి దూరమైంది. ఇంకో మాట అనేసి ఆ నిశ్శబ్దాన్ని పూడ్చేయాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. పంటి బిగువున ఊరుకున్నాను.

“ఎవరు చెప్పారమ్మా?” అన్నాడు చివరికి.

“మీరే. మీ అమ్మాయితో వస్తున్నా అనలేదు. వెళ్తాను అన్నారు.”

“అలా అన్నానా?” నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఒళ్ళో చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఒకదాన్నొకటి పట్టుకుని ఆపడానికి చూశాడు, ఆగలేదు. “పొద్దున లేవు కదా అన్నావు. లేవన్నాను. మంచి పిల్లవి, నిన్ను బాధపెట్టడమెందుకని.”

“ఇప్పుడు బాధపెట్టండి. పర్లేదు.”

“మీరంతా నాకు నయమైందనుకున్నారు. నయం కాలేదమ్మా, తేల్చేసుకున్నాను. ఇంటికెళ్ళాక ఇంక అయిపోతుందని. అలా తేల్చుకున్నాకే నిద్ర పట్టింది.”

నాకు భయమేసింది. ఏడుపూ వచ్చింది. ఆ భయంలోనే ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది. ఇంత బరువు మోస్తూ నన్ను బాధపెట్టకూడదనుకున్నాడు!

“చెప్పారు, చాలు. ఇవాళ మిమ్మల్ని పంపను” అన్నాను. తలుపు తీసి పెద్దక్క వైపు చూశాను. నేనేమీ చెప్పకుండానే ఆవిడ డాక్టరు కోసం వెళ్ళింది.

“మా ఆవిడకి చెప్పకమ్మా. నీకు దణ్ణం పెడతా.”

“చెప్పాలి మేస్త్రీ. మీరు చెప్తే నేను పక్కనుంటాను. మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను. దాచడం మాత్రం నా వల్ల కాదు.”

డాక్టరు వచ్చి కుర్చీ లాక్కుని చాలాసేపు కూర్చున్నాడు. మేస్త్రీ చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు. “ఉండండి మాతో. మందులు మళ్ళీ చూద్దాం. ఆ చేతుల సంగతి కూడా నరాల డాక్టరుకి చూపిద్దాం” అన్నాడు.

మందుల కవరు పట్టుకుని భార్య పైకి వచ్చింది. “ఏవండీ, ఆటోవాడు ఆగనంటున్నాడు...” అంటూ గదిలోకి వచ్చి, మా మొహాలు చూసి ఆగిపోయింది.

మేస్త్రీ తల ఎత్తలేదు. నేను ఆయన పక్కనే నిలబడ్డాను. నా నోటిదాకా వచ్చిన మాటని ఆపుకున్నాను. కాసేపటికి ఆయనే చెప్పాడు. రెండు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ విన్నది. అరవలేదు. కవరు బల్ల మీద పెట్టి, ఆయనకెదురుగా నేల మీదే కూలబడింది.

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“ఎన్నాళ్ళకో నవ్వుతున్నావు. అది చెడగొట్టడం ఇష్టం లేకపోయింది.”

“నేను నవ్వుతున్నానా?” అంది ఆవిడ. “ఏడిస్తే మీకు బరువని, మెట్ల మీద ఏడ్చి, మొహం కడుక్కుని, నవ్వుకుంటూ వచ్చేదాన్నండీ. రోజూ అంతే!”

ఆయన మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ వణికే చేయి చాచాడు. ఆవిడ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తన చెంపకి అదుముకుంది. చేయి వణుకుతూనే ఉంది. ఆవిడ వదల్లేదు. ఇద్దరూ గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చారు. మొదటి రోజుల్లో అయితే నీళ్ళు తేవడానికో, బీపీ మిషను తేవడానికో బయటికి పారిపోయేదాన్ని. ఇప్పుడు నేనూ నేల మీద కూర్చున్నాను. నా చేతులకి పనేమీ లేదు. లేకపోతే లేకపోనీ అనుకున్నాను.

టేబుల్ మీద ఆయన పెట్టిన ఫోను మోగితే పెద్దక్క తెచ్చి ఇచ్చింది. మళ్ళీ కూతురే. భార్య ముక్కు తుడుచుకుని తీసింది. అటువైపు పిల్ల గొంతు గదిలో అందరికీ వినబడుతోంది.

“అమ్మా, బయల్దేరారా? నాన్నేరి? నాన్న రావట్లేదా?”

“ఇవాళ రారమ్మా.”

“ఏమైందమ్మా? ఎందుకేడుస్తున్నావు? నాన్న...”

ఆవిడ ఫోను చెవికి ఇంకాస్త అదిమింది. ఆయన చేతిని మాత్రం వదల్లేదు.

“ఉన్నారే. నాన్న ఉన్నారు. నా పక్కనే ఉన్నారు” అంది.