సదయ్య జపాన్ ఉలి

మా ఆయన పేరు సదయ్య. మొగని పేరు నోటితోని చెప్పద్దంటరు. దుబాయిల ఉన్న మనిషికి ఇనవడుతదా? అందుకే చెప్తున్న.

మేం వడ్లోళ్ళం. గోదావరిఖనిల ఎన్ని ఇండ్లకు దర్వాజలు చేసిండో ఆయన. జ్యోతినగర్ ఇంజనీర్ల కిటికీలు సుత ఆయన చేతివే. తర్వాత దుకాన్లకు రెడీమేడ్ తలుపులు వచ్చినయి. మా చేతికి పని లేకుంట పోయింది. బొగ్గు బాయిల నౌకరి దొరకలే. దుబాయి పోయిండు.

అక్కడ ఒక జపాన్ ముసలాయన కింద చెక్క పనికి కుదిరిండు. ఆ ముసలాయన తన దేశం పోయేటప్పుడు మా ఆయనకు ఒక ఉలి, ఒక సానరాయి ఇచ్చిండట. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు వాటిని బట్టల సుట్టి తెచ్చి, బంగారం చూపిచ్చినట్టు చూపిచ్చిండు. మరి నా బంగారమేది అని అడిగిన. నవ్విండు.

మూడు వేళ్ళంత వెడల్పు ఉంటది ఆ ఉలి. మన ఉలి అసొంటిది కాదు. ముందటి పక్క మెత్తటి ఇనుము, ఎనుక పక్క పల్చటి ఉక్కు, రెండిటిని కాల్చి అతికిచ్చిండ్రు. ఎనుక నడుమల కొంచెం లోతు తీసి ఉంటది, చుట్టు ఉన్న అంచే రాయికి ఆనుతది. పిడి కొసకు ఇనుప పొన్ను, సుత్తె దెబ్బకు పిడి పలగకుంట ఏసిన కట్టు.

ఆడ ఎవడన్న ఎత్తుకపోతడని ఉలిని నా దగ్గర్నే పెట్టి పోయిండు. జల్ది వాపసు వస్త, ఇక్కడ్నే సొంత పని పెడ్త, దీనితోనే మొదలు వెడ్త, పైలంగ చూసుకో అన్నడు. ఉలిని పైలమన్నడు. నన్ను పైలంగ ఉండుమనలే.

ఆ ఏడు దసరాకు పనిముట్లు కడిగి పూజకు పెట్టిన. మా ఇండ్లల్ల గట్లనే పెడ్తం. అన్నిటికి తడి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి తెల్లారిందాక ఉంచిన. మన ఉలులకు ఏం కాలే. జపాన్ దాని పసుపు కడిగితే ఉక్కంత తుప్పు చుక్కలు. నా పానం పోయినంత పనైంది.

ఫోన్ల చెప్తే తిడ్తడనుకున్న. తిట్టలే. రాయిని నీళ్ళల్ల నానవెట్టు, ఎనుక పక్క సాపుగ ఆనిచ్చి నూరు, ముందటి వాలు ఎట్లున్నదో గట్లనే ఉంచు, పొడిగ తుడిచి కొబ్బరినూనె రాయి అని నిమ్మళంగ చెప్పిండు. ఆయన అంతసేపు నాతోని ఎన్నడు మాట్లాడలే.

తుప్పు పోయింది, నాకు అలవాటు పడ్డది. ఆయన యాదికొచ్చినప్పుడల్ల రాయి నానవెట్టుడే. నూరుతుంటే నల్లటి బురద చేతి వేళ్ళకు అంటుతది, తడి ఇనుము వాసనొస్తది. ఆయన అంగి వాసన గదే. సిగ్గిడిసి చెప్తున్న, ఆ వాసన కోసమే నూరిన. ఎవని పీక కోస్తవే అని పక్కింటి మల్లక్క పరాచికాలాడేది. దుబాయోనిది అనేదాన్ని. ఎప్పుడొస్తవని అడిగితే ఆయన వచ్చే ఏడు అనెటోడు. ఏండ్లు పోయినయి గని ఆ వచ్చే ఏడు రాలే.

సకల జనుల సమ్మెల వచ్చిండు. బాయిలు బందు, బస్సులు బందు. బసంత్‌నగర్ దాక లారీల వచ్చి, ఆడ్నుంచి ఎవరిదో బండెక్కిండు. నెత్తి తెల్లగైంది. ఈసారి పోనియ్యద్దనుకున్న. గని ఉండుమని నేనడుగుడేంది? ఉంటనని ఆయన నోట్నుంచే రావాలె.

ఉలి తెమ్మన్నడు. ఇచ్చిన. తిప్పి తిప్పి చూసిండు. కురుచైంది. అరిగి అరిగి పదును ఎనుకటి లోతుల కలిసింది, నడుమల అంచే లేదు. ఎవరికిచ్చినవని అడిగిండు. మా వడ్ల కొమురెల్లి పనికి తీస్కపోయిండని అబద్ధమాడిన. ఆయన పిడి కొస చూసిండు. పొన్ను మీద ఒక్క సుత్తె దెబ్బ లేదు. ఇగ నా చేతి వేళ్ళ దిక్కు చూసిండు.

"దినాం నూరినవానే?"

"ఇంకేం జెయ్యాలె మరి?" అన్న.

పాత పనిముట్ల సంచి ముంగటికి గుంజుకున్నడు. తర్వాత చిన్న సుత్తె తీసిండు. వాలు మీద మెత్తటి ఇనుమును మెల్లగ తట్టుతే ఎనుక ఉక్కు జరంత ఉబ్బుతదట, మల్ల అంచు దొరుకుతదట. దెబ్బ జరిగి ఉక్కుకు తాకితే మాత్రం పలుగుతదట. ఊపిరి బిగవట్టి తట్టుడు, రాయి మీద ఆనిచ్చి చూసుడు, మల్ల తట్టుడు. తిండి మీద సుత ధ్యాస లేదు. నేను పక్కన కూసుండి నీళ్ళు పోసిన. ఇంత మురిపెంగ చేస్తున్నడంటే ఇక్కడ్నే పని పెడ్తడని నా కడుపు నిండిపోయింది. పనికి వాకిట్ల నీడ రేకులు ఏడ ఏసుకోవాల్నో సుత అనుకున్న.

అయినంక తుడిచి, నూనె రాసి, నా చేతుల పెట్టిండు.

"ఇగ ఫికర్ లేదు. ఇంకా శాన ఏండ్లు నూరుకోవచ్చు."

మంచి మాట చెప్పిన అనుకున్నడు పాపం. ఆయన ముంగట ఎన్నడు ఏడ్వనిదాన్ని, గప్పుడు ఏడ్చిన.

"బావా, ఉలి బాగుజెయ్యమని అడిగిన్నా నేను? నువ్వుండు."

వీసా అన్నడు, ఒప్పందమన్నడు, సగం సగం ఏదో చెప్పిండు. బస్సులు నడుసుడు మొదలుగాంగనే పోయిండు.

ఇప్పుడు ఆ ఉలిని నూరుతలేను. వాలు మీద ఆయన తట్టిన సన్నటి గుంటలున్నయి. రాయికి పెడితే అరిగిపోతయి. నూనె రాసేటప్పుడు ఏలితోని తడుముకుంట.