అనుభవం ఎన్నేళ్లు

సైన్యం నుంచి దిగి వేలూరు దగ్గరి గుడియాత్తం వచ్చిన రోజు నుంచి పెరుమాళ్‌ను ఊరంతా అడిగేది ఒకే ప్రశ్న, "ఏ బ్యాంకులో చేరతావప్పా?" మాజీ సైనికుడంటే తుపాకీ పట్టుకుని బ్యాంకు గుమ్మంలో స్టూలు మీద కూర్చోవలసినవాడేనని మన జనం ఎప్పుడో తీర్మానించేశారు. పదిహేడేళ్లు సిగ్నల్స్ దళంలో కొండల మీద రేడియోలకూ కంప్యూటర్లకూ కాపు కాసిన హవల్దారుకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. అయినా నవ్వి ఊరుకునేవాడు.

అతని పట్టుదల వేరు. కంప్యూటర్ ఉద్యోగం కావాలి, అదీ ఇంటి నుంచి రోజూ పోయి వచ్చేంత దూరంలో కావాలి. కూతురు భువన ఇప్పుడు పదో తరగతి. చిన్నప్పుడు ఫోన్‌లో ఆ పిల్ల అడిగేది ఒకటే, "యాడుండావు నాయనా?" ఎక్కడున్నదీ చెప్పకూడదు గనుక "చలిగా ఉండే చోట ఉండానమ్మా" అనేవాడు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. అదే అతనికి ఎక్కువ బాధ. అందుకే దిగి వచ్చిన రోజే కూతురి తలమీద చెయ్యి పెట్టి, "ఇంక యాడికీ పోను" అని మాటిచ్చాడు.

వేలూరులో ఒక శిక్షణ కేంద్రంలో చేరాడు. పాఠం చెప్పే యోగిత కే.వి.కుప్పం అమ్మాయి, ఇరవై నాలుగేళ్లుంటాయేమో. ఆమె గదిలోకి రాగానే పెరుమాళ్ లేచి నిలబడేవాడు. వెనక కుర్రకారు ముసిముసిగా నవ్వేది. "కూర్చోండి సార్" అని ఆమె ఎంత బతిమాలినా మర్నాడు మళ్లీ అదే తంతు.

"రెండు దోవలు ఉండాయి సార్," అంది యోగిత మొదటివారమే. "ఒకటి నెట్‌వర్కింగ్‌లో మొదటి మెట్టు సర్టిఫికేట్. కాలేజీ పిల్లోళ్లు రాసేది. రెండోది కంప్యూటర్ సెక్యూరిటీలో పెద్దది. మీ సర్వీసుకు అదే తగినది. బాగాయంలో ఒక కంపెనీ ఆ సర్టిఫికేట్ ఉండేవాళ్ల కోసమే చూస్తా ఉండాది."

బాగాయం అంటే పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే దూరం. పెరుమాళ్ ఇంకేం ఆలోచించలేదు, పెద్దదే ఎంచుకున్నాడు. నాలుగు నెలలు పుస్తకం వదల్లేదు. పరీక్ష మొదటి దెబ్బకే గట్టెక్కాడు. బాగాయం కంపెనీవాళ్లు నెలాఖరు దాకా చోటు ఉంచుతామన్నారు. అతని భార్య సురేఖ వీధి వీధంతా మైసూర్‌పాక్ పంచింది.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. పరీక్ష నెగ్గినా సర్టిఫికేట్ చేతికి రావాలంటే ఐదేళ్ల అనుభవం రుజువు చేయాలి. ఏ చోట, ఏ నెట్‌వర్కు, ఏ పరికరాలు, ఎలా కాపాడావు, అన్నీ ఫారంలో రాయాలి. ఈ షరతు పుస్తకం మొదట్లోనే ఉంది. పెరుమాళ్ చదివాడు కూడా. ఐదేమిటి, నాకు పదిహేడున్నాయి కదా అనుకుని పేజీ తిప్పేశాడు. ఇప్పుడు పైపైన నాలుగు మాటలు రాసి పంపితే వివరాలు చాలవని ఫారం వెనక్కి వచ్చింది. సైన్యం ఇచ్చిన కాగితంలో ఉన్నది ఒకే వాక్యం: సిగ్నల్స్‌లో పనిచేశాడు, నడవడి ఆదర్శప్రాయం.

"ఆ కాగితం పూజగదిలో పెట్టుకోండి సార్," అన్నాడు సెల్వకుమార్, కొత్త బస్టాండు దగ్గర ఉద్యోగాలు ఇప్పించే ఆఫీసు నడిపేవాడు. "చెన్నైలో మనకు తెలిసిన కంపెనీ ఒకటి ఉండాది. ఐదేళ్లు అక్కడ పనిచేసినట్టు లెటర్ ఇస్తారు. అందరూ చేసేదే."

"ఆ ఐదేళ్లు నేను యాడుండానో నాకు తెలుసు కదప్పా," అని పెరుమాళ్ మెట్లు దిగి వచ్చేశాడు.

ఇంట్లో సురేఖ ఇంకో దారి చూపింది. "అబద్ధం వద్దు, సరే. నిజమే రాయండి. మీరు చేసిన పనే కదా."

అతను వెనక్కి వచ్చిన ఫారం పక్కకు నెట్టాడు. "కొండమీద సిగ్నల్ లైను వేసేటప్పుడు నాతో అంకప్ప అని ఒకడు ఉండినాడు. తెగిన తీగ కట్టేదానికి మంచులోకి పోయినోడు తిరిగి రాలేదు. ఆ లైను ఇంకా పనిచేస్తా ఉండాది సురేఖా. దాన్ని నమ్ముకున్న పిల్లోళ్లు ఆ కొండమీదే ఉండారు. అది యాడుండాదో నేనెట్ల రాసేది?"

"మరి మన పిల్లకు ఇచ్చిన మాట?"

పెరుమాళ్ కక్కలేక మింగలేక వారం రోజులు తిరిగాడు. భువన ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాడు.

నెలాఖరు రోజున వేలూరు పోయి, ఫారం మడిచి సంచిలో పెట్టేసి, మొదటి మెట్టు పరీక్షకు పేరు ఇవ్వాలన్నాడు.

"సార్, అది మీరు రాసేది కాదు," అంది యోగిత.

"తెలుసు మేడం."

పేరు నమోదు చేసే పేజీలో ఒక గడి ఉంది, అనుభవం ఎన్నేళ్లు. అందులో ఒకటి కొట్టినా చాలు, ఎక్కడ, ఏం పని అంటూ కింద ఇంకో నాలుగు గడులు తెరుచుకుంటాయి. పెరుమాళ్ సున్నా కొట్టాడు. ఆ సాయంత్రమే బాగాయం చోటు ఇంకొకరికి పోయింది.

మొదటి మెట్టు సర్టిఫికేట్‌కు మొదటి మెట్టు ఉద్యోగమే వస్తుంది. అదీ చెన్నైలో దొరికింది. కంప్యూటర్ మొరాయించిందని ఫోన్ చేసేవాళ్లకు ఓపిగ్గా జవాబు చెప్పే పని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ గెలిచి వచ్చి ఇంట ఓడినవాణ్ణి ఏం చేయమన్నారో మాత్రం చెప్పి పోలేదు.

అటకమీది నల్ల ట్రంకు పెట్టె మళ్లీ కిందికి దిగింది. సురేఖ బట్టలు సర్దుతోంది. భువన గుమ్మంలో నిలబడి చూస్తోంది. పెరుమాళ్ తల ఎత్తలేకపోయాడు. మాట తప్పినందుకు ఏమన్నా పడదామనే కూర్చున్నాడు.

"నాయనా," అంది ఆ పిల్ల. "ఈసారన్నా యాడుంటావో చెప్పొచ్చా?"

అతను వీధి పేరు చెప్పాడు. ఇంటి నంబరు చెప్పాడు. మేడమీద ఎడమవైపు గది అన్నాడు. ఏ బస్సెక్కి ఎక్కడ దిగాలో, దిగాక ఎటు తిరగాలో, ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.